వెలుగు ఊరిది, పేరు ఎవరిది?

బీహార్ రాష్ట్రం జెహానాబాద్ జిల్లాలో ధర్నాయ్ అనే ఊరుంది. 30 ఏళ్లకు పైగా ఆ ఊరికి కరెంటు లేదు. 2014 జూలైలో గ్రీన్‌పీస్ సంస్థ అక్కడ 100 కిలోవాట్ల సోలార్ మినీగ్రిడ్ పెట్టింది. సుమారు 450 ఇళ్లకు తీగలు లాగారు. వీధి దీపాలు వెలిగాయి. దేశ విదేశాల పత్రికలు ఆ ఊరి గురించి రాశాయి. ఆ సంబరం సాగుతుండగానే ఊరివాళ్లు నాయకుల ముందు ఒక కోరిక పెట్టారు. మాకు అసలు కరెంటు కావాలి, ఈ ఉత్తుత్తి కరెంటు వద్దన్నారు.

పైపైన చూస్తే ఇది చేసిన మేలు మరిచిన మాటలా కనిపిస్తుంది. కానీ ఆ ఒక్క మాటలో మూడు లెక్కలున్నాయి. మొదటిది ధర లెక్క. సర్కారు లైను మీద వచ్చే కరెంటు కంటే ఈ కరెంటు ఖరీదు. రెండోది సత్తువ లెక్క. బల్బులకూ ఫోన్ ఛార్జింగ్‌కూ చాలిన కరెంటు ఫ్రిజ్‌కు చాలదు. మూడోది హక్కు లెక్క. పట్నంవాడికి సర్కారు లైను, ఊరివాడికి దాతల దీపమా అన్నది ఆ లెక్క. చివరికి ధర్నాయ్‌కి సర్కారు లైను వచ్చింది. బ్యాటరీలు పనికిరాకుండా పోయాయి. కొన్నేళ్లకు ఆ సోలార్ కేంద్రం ఆవరణలో పశువులను కట్టేస్తున్నారని పత్రికలు రాశాయి.

ఊరివాళ్లు ఒక్క వాక్యంలో చెప్పిన ఈ సంగతినే విశ్వవిద్యాలయాల వాళ్లు తర్వాతి ఏళ్లలో పేజీలకు పేజీలు రాశారు. దీపానికి సరిపడే కరెంటు వేరు, బతుకు మారడానికి సరిపడే కరెంటు వేరు అన్నది ఇప్పుడు పరిశోధకులందరూ ఒప్పుకున్న మాట. ఆ వ్యాసాల చివర ఎవరి మాట ఎక్కడి నుంచి తీసుకున్నారో చెప్పే పెద్ద చిట్టా ఉంటుంది. ఆ చిట్టాలో ప్రొఫెసర్లుంటారు, బ్యాంకులుంటాయి. మొదట ఆ మాట అన్న ఊరు మాత్రం ఉండదు.

సొమ్మొకడిది, సోకొకడిది అంటారు మన పెద్దలు. ఈ వారం మేము మాట్లాడదలచింది దాని గురించే.

ఆపరేటర్ రిజిస్టర్

మినీగ్రిడ్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ఊరి చివర కొన్ని వరుసల సోలార్ ప్యానెళ్లు, ఒక గదిలో బ్యాటరీలు, ఇన్వర్టర్, అక్కడి నుంచి స్తంభాల మీదుగా ఇళ్లకు తీగలు. పెద్ద లైనుతో సంబంధం లేకుండా ఒక ఊరి కరెంటు ఆ ఊళ్లోనే తయారై ఆ ఊళ్లోనే ఖర్చవుతుంది. మన దేశంలో ఇది కొత్త కూడా కాదు. పశ్చిమ బెంగాల్ పునరుత్పాదక ఇంధన సంస్థ 1996లోనే సుందర్‌బన్స్‌లోని సాగర్ దీవిలో, కమల్‌పూర్ దగ్గర, ఇలాంటి సోలార్ కేంద్రం పెట్టి ఇళ్లకు కరెంటు ఇచ్చింది. 2000 నవంబర్ 1న కొత్త రాష్ట్రంగా ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ కూడా ఈ దారి పట్టింది. లైను పోలేని అడవి ఊళ్లలో అక్కడి ప్రభుత్వ సంస్థ క్రెడా వందల కొద్దీ మినీగ్రిడ్లు పెట్టింది. ఊరి మనిషినే ఆపరేటర్‌గా పెట్టుకున్నారు. కొన్ని ఊళ్లకు కలిపి ఒక టెక్నీషియన్ ఉండేవాడు.

ఆ ఆపరేటర్ చేసే పని చూడండి. పొద్దున్నే ప్యానెళ్ల మీద దుమ్ము తుడవాలి. బ్యాటరీల్లో నీళ్లు తగ్గితే పోయాలి. ఎవరి ఇంట్లో ఎక్కువ వాడుతున్నారో కనిపెట్టాలి. పెళ్లి ఉన్న ఇంటికి ఆ రాత్రి కొంచెం ఎక్కువ ఇవ్వాలంటే మిగతావాళ్లను ఒప్పించాలి. నెలాఖరుకు డబ్బు వసూలు చేయాలి. పంట చేతికి రాని ఇంటికి గడువు ఇవ్వాలి. ఇదంతా ఒక రిజిస్టర్‌లో రాసిపెట్టాలి.

పరిశోధకుడు వచ్చి ముందు అడిగేది ఆ రిజిస్టర్‌నే. ఏ గంటకు ఎంత కరెంటు వాడారు, ఎన్ని ఇళ్లు డబ్బు కట్టలేదు, ఎన్ని రోజులు గ్రిడ్ ఆగిపోయింది, అన్నీ అందులో ఉంటాయి. ఆ అంకెలే రేపు వ్యాసంలో గ్రాఫులవుతాయి. గ్రాఫు కింద పరిశోధకుడి పేరు, అతని సంస్థ పేరు ఉంటాయి. రిజిస్టర్ రాసిన మనిషికి, అదృష్టం బాగుంటే, చివరి పేజీలో స్థానిక సిబ్బందికి కృతజ్ఞతలు అని ఒక ముక్క దక్కుతుంది.

లెక్క పెట్టే శాస్త్రం

పేరులో ఏముంది, పని జరిగితే చాలదా అని కొందరు అడగవచ్చు. పేరులోనే అంతా ఉంది. ఎవరి పేరు మీద ఎన్ని వ్యాసాలున్నాయి, వాటిని ఇంకెందరు ప్రస్తావించారు అని లెక్కపెట్టే శాస్త్రమే ఒకటుంది. దాని పుట్టుకలో మన దేశస్థుడి చేయి కూడా ఉంది. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1948లో ఇంగ్లండ్‌లో జరిగిన ఒక సమావేశంలో పుస్తకాల ప్రపంచాన్ని అంకెలతో కొలవాలని చెప్పి, దానికి లైబ్రామెట్రీ అని పేరు పెట్టారు. 1969లో అలన్ ప్రిచర్డ్ బిబ్లియోమెట్రిక్స్ అన్న పేరు వాడాడు. లోకంలో నిలిచింది ఆ రెండో పేరే.

ఈ మధ్యలో అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ సైటేషన్లను, అంటే ఒక వ్యాసం మరో వ్యాసాన్ని ప్రస్తావించడాన్ని, సూచికగా కూర్చాలని 1955లో ప్రతిపాదించాడు. 1960లలో ఆ సూచిక అచ్చయింది. వెతుకులాటకు పనికొస్తుందని మొదలైన ఈ పనిముట్టు మెల్లగా తూకపు రాయి అయింది. పత్రికకు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వచ్చింది. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త మనిషికి హెచ్-ఇండెక్స్ తెచ్చాడు. మన దగ్గర 2010లో యూజీసీ నిబంధనలు అధ్యాపకుల పదోన్నతులను ఏపీఐ మార్కులతో ముడిపెట్టాయి. ఆ మార్కుల కోసం మన అధ్యాపక మిత్రులు పడ్డ పాట్లు మాకు తెలుసు, వాళ్లకు ఇంకా బాగా తెలుసు.

ఉన్నవాడికే ఇంకా వచ్చి చేరడం ఈ రంగంలోనూ ఉంది. రాబర్ట్ మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1968లో దీనికి మాథ్యూ ఎఫెక్ట్ అని పేరు పెట్టాడు. ఒకే పని ఇద్దరు చేస్తే పేరున్నవాడికే ఖ్యాతి పోతుందన్నది దాని సారం. తమాషా ఏమంటే ఆ వ్యాసానికి ఆధారమైన ఇంటర్వ్యూలు చేసింది హారియట్ జుకర్‌మన్ అనే పరిశోధకురాలు. వ్యాసం మీద పేరు మాత్రం మెర్టన్ ఒక్కడిదే. దాన్ని ఉమ్మడి పేర్లతో వేయాల్సిందని తర్వాతి ఏళ్లలో ఆయనే ఒప్పుకున్నాడు. ఖ్యాతి ఎట్లా దారి తప్పుతుందో చెప్పిన వ్యాసంలోనే ఖ్యాతి దారి తప్పింది! అమెరికా విశ్వవిద్యాలయంలోని పరిశోధకురాలికే ఆ గతి పడితే, అడవి ఊరి ఆపరేటర్ సంగతి వేరే చెప్పాలా?

1,281 ఇళ్లు, నలుగురు రచయితలు

ఒక మంచి వ్యాసాన్నే ఉదాహరణగా తీసుకుందాం. చెడ్డవాటిని తిట్టడం సులువు. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ జిల్లాలో సోలార్ మైక్రోగ్రిడ్ల మీద జరిగిన పరిశోధన 2017లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చింది. 1,281 ఇళ్లను పరిశీలించారు. కొన్ని పల్లెలకు సోలార్ ఇచ్చి, కొన్నిటికి ఇవ్వకుండా, తేడా చూశారు. కరెంటు ఉన్న ఇళ్లు పెరిగాయి. బ్లాక్‌లో కొనే కిరోసిన్ మీద ఒక్కో ఇంటికి నెలకు 47 నుంచి 49 రూపాయల ఖర్చు తగ్గింది. కానీ పొదుపులో, వ్యాపారంలో, పిల్లల చదువు గంటల్లో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. దీపం వెలిగితే బతుకు మారిపోతుందని ఊదరగొట్టే కాలంలో ఇంత నిజాయితీగా రాసినందుకు ఆ నలుగురు రచయితలను మెచ్చుకోవాల్సిందే.

అయితే ఒక ప్రశ్న మిగిలే ఉంది. రచయితలు నలుగురూ అప్పటికి పాశ్చాత్య దేశాల విశ్వవిద్యాలయాల్లో ఉన్నవాళ్లే. 1,281 ఇళ్లవాళ్లు తమ సంపాదన, ఖర్చు, చీకటి, చదువు అన్నీ విప్పి చెప్పారు. ఆ వ్యాసం ఇంగ్లీషులో ఉంది. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, నిజమే. అవధీ మాట్లాడే ఆ పల్లెలో దాన్ని చదవగలిగేది ఎందరు? దీపం వల్ల బతుకు ఎందుకు మారలేదో చెప్పమంటే ఆ ఇళ్ల ఆడవాళ్లు ఏం చెప్పి ఉండేవాళ్లు? ఆ జవాబు ఏ పత్రికలో అచ్చు కావాలి?

ఇంకో రకం వ్యాసాలున్నాయి. వాటికి ఊరికి పోవాల్సిన అవసరం కూడా లేదు. అమెరికా ప్రభుత్వ ప్రయోగశాల ఎన్‌ఆర్‌ఈఎల్‌లో పుట్టిన హోమర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇస్తే ఎండ లెక్క వస్తుంది. ఇంటికి ఇన్ని బల్బులు, ఒక ఫ్యాను అని ఊహించుకుంటే వాడకం లెక్క వస్తుంది. ఎన్ని ప్యానెళ్లు, ఎన్ని బ్యాటరీలు, యూనిట్ ధర ఎంత అన్నది కంప్యూటరే చెబుతుంది. పనిముట్టు మంచిదే, ఇంజనీర్లకు అవసరమే. కానీ ఊరివాళ్లకు ఫ్యాను కావాలా, పిండిమర కావాలా అన్నది అక్షాంశ రేఖాంశాలు చెప్పవు. ఊరిని అడగకుండా ఊరి పేరు మీద వ్యాసం తయారవుతుంది. దాన్ని ఇంకొకరు ప్రస్తావిస్తారు, వాళ్లను మరొకరు ప్రస్తావిస్తారు. పదిమంది చెప్పారు కాబట్టి ఊహే నిజమై కూర్చుంటుంది.

ఈ వ్యాసాలన్నిటినీ కలిపి లెక్కపెట్టే వ్యాసాలు కూడా ఇప్పుడు వస్తున్నాయి. నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం తయారు చేసిన వోస్‌వ్యూయర్ అనే సాఫ్ట్‌వేర్ రంగురంగుల పటం గీస్తుంది. ఎక్కువ సైటేషన్లు ఉన్న రచయితకు పెద్ద చుక్క, తక్కువ ఉన్నవాడికి చిన్న చుక్క. చూడ్డానికి రాత్రిపూట ఆకాశంలా ఉంటుంది. ఆ ఆకాశంలో ధర్నాయ్‌కి చుక్క లేదు, కమల్‌పూర్‌కి చుక్క లేదు. వెలుగు గురించి గీసిన పటంలో వెలుగు కోసం ఎదురుచూసిన ఊళ్లే చీకట్లో ఉన్నాయి.

పేరుతో పాటే పైసలు

ఇది పేరు కోసం పేచీ మాత్రమే కాదు. నిధులు పేరు వెంట నడుస్తాయి. 2022లో ప్రపంచ బ్యాంకు విభాగం ఈస్మ్యాప్ ఒక నివేదిక ఇచ్చింది. 2030 నాటికి 49 కోట్ల మందికి మినీగ్రిడ్ల ద్వారా కరెంటు ఇవ్వవచ్చని, అందుకు 2,17,000 మినీగ్రిడ్లు, 12,700 కోట్ల డాలర్లు కావాలని అంచనా వేసింది. అంత డబ్బు ఎక్కడ ఎట్లా ఖర్చు పెట్టాలో తేల్చేవాళ్లు వ్యాసాలు చూస్తారు. ఎక్కువమంది ప్రస్తావించిన వ్యాసాన్నే ముందు చూస్తారు. ఊరికి రెండు బల్బులు చాలునని అక్కడ రాసి ఉంటే, రెండు బల్బుల గ్రిడ్డే వస్తుంది. సైటేషన్ తప్పితే స్తంభం తప్పుతుంది.

లెక్కలు ఎట్లా మోసం చేస్తాయో కరెంటు విషయంలో మనం చూసిందే. మన దేశపు నిర్వచనం ప్రకారం ఊళ్లో నూటికి 10 ఇళ్లకు కరెంటు ఉండి, బడికీ పంచాయతీ ఆఫీసు వంటి వాటికీ లైను వస్తే ఆ ఊరు విద్యుదీకరణ అయినట్టే. 2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లైసాంగ్‌తో దేశంలో అన్ని ఊళ్లకూ కరెంటు వచ్చిందని ప్రకటించారు. మిగిలిన 90 ఇళ్ల చీకటి ఆ లెక్కలో కనిపించదు. ఎంతమంది ప్రస్తావించారన్న లెక్కలో ఎవరు చెప్పారన్నది కనిపించకపోవడం కూడా అటువంటిదే.

వాళ్ల వాదన, మా జవాబు

దీనికి ఎదురు వాదన ఉంది. రచయిత అంటే బాధ్యత అని, అంకెలు ఇచ్చిన ప్రతివాడూ రచయిత కాలేడని అంటారు. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నాలుగు షరతులు పెట్టింది. పరిశోధనలో గట్టి పాలు ఉండాలి, రాతలోనో దిద్దుబాటులోనో చేయి ఉండాలి, తుది ప్రతిని ఒప్పుకోవాలి, తప్పొప్పులకు జవాబుదారీ కావాలి. మిగతా రంగాలవాళ్లూ ఈ షరతులనే చూపుతారు. న్యాయమైన షరతులే. అయితే అదే కమిటీ ఇంకో మాట కూడా అంది. మొదటి షరతుకు సరిపోయినవాళ్లకు మిగతా మూడింటిలో పాల్గొనే అవకాశం ఇవ్వాలంది. ఊళ్లో నెలల తరబడి వివరాలు సేకరించిన స్థానిక పరిశోధకుడికి రాతప్రతి చూపించకుండా, నువ్వు రాయలేదు కనుక రచయితవు కావు అనడం ఏం న్యాయం?

పేర్లు బయటపెడితే ఊరివాళ్లకే ఇబ్బంది అన్నది ఇంకో వాదన. కరెంటు దొంగతనం గురించో అప్పుల గురించో చెప్పినవాడి పేరు దాచాల్సిందే. మేమూ ఒప్పుకుంటాం. కానీ అడిగి దాచడం వేరు, అడగకుండా తుడిచేయడం వేరు. మా ఊరి పేరు వేయండి అని గ్రామసభ చెబితే వేయడానికి అడ్డేమిటి?

నోటిమాటకు చిట్టాలో చోటు ఎట్లా ఇస్తామని మూడో వాదన. వాడుకలో ఉన్న ఏపీఏ పద్ధతి ప్రకారం ఒకరు మాటగా చెప్పింది వ్యాసం మధ్యలో ప్రస్తావనకు రావచ్చు గానీ చివరి చిట్టాకెక్కదు. దీనికీ దారి దొరికింది. కెనడాలో క్రీ తెగకు చెందిన లైబ్రేరియన్ లోరీసియా మెక్‌లౌడ్ ఆదివాసీ పెద్దలు చెప్పిన విషయాలను పుస్తకాలతో సమానంగా చిట్టాలో చేర్చే నమూనాలు తయారు చేసి, 2021లో వాటి గురించి వ్యాసం ప్రచురించారు. దక్షిణాఫ్రికాలోని శాన్ ప్రజలు 2017లో తమ దగ్గరికి వచ్చే పరిశోధకులకు తామే నియమావళి రాసి ఇచ్చారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ, పద్ధతి అన్నవి అందులోని అంశాలు. 2022లో కేప్‌టౌన్‌లో జరిగిన పరిశోధనా నైతికత ప్రపంచ సదస్సు నుంచి వచ్చిన ప్రకటన కూడా పరిశోధనా భాగస్వామ్యాల్లో సమానత్వం గురించే మాట్లాడింది. అడిగినవాళ్లకు దారి దొరికింది. అడగనివాళ్లకు కృతజ్ఞతల ముక్కే దక్కింది.

మన ఇంట్లో మాటేమిటి?

పరాయివాళ్లను అడిగే ముందు మన ముఖం అద్దంలో చూసుకోవాలి. హైదరాబాద్‌లో కూర్చుని గూడేల మీద, తండాల మీద సిద్ధాంత గ్రంథాలు రాసేవాళ్లు మనలో లేరా? ప్రశ్నపత్రాలు నింపుకుని బస్సెక్కి, మళ్లీ ఆ తండా ముఖం చూడనివాళ్లు లేరా? డిగ్రీ పట్టా వచ్చాక ఆ పుస్తకం ఒక ప్రతి ఆ ఊరి బడికి పంపినవాళ్లు ఎందరు? విదేశీ రచయిత పేరు ఉంటేనే చిట్టా బరువుగా ఉంటుందని, జిల్లా ఇంజనీరు నివేదికనూ తెలుగు వ్యాసాన్నీ ప్రస్తావిస్తే చిన్నతనమని అనుకునే అలవాటు మనది కాదా?

2024 నవంబర్ 25న కేంద్ర మంత్రివర్గం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌కు మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ప్రభుత్వ విద్యాసంస్థల విద్యార్థులు ఖరీదైన విదేశీ పత్రికలు చదువుకోవడానికి అది మంచి ఏర్పాటే. కానీ మన ఊళ్ల గురించి మనవాళ్లు మన భాషలో రాసుకునే పత్రికలకు ఎంత ఇస్తున్నాం? చదవడానికి డబ్బు కట్టేది మనం, చదివించుకునేది వాళ్లు అయితే, ఈ లెక్క ఎప్పటికి సరిపోతుంది?

అందుకే మేము అడిగేది కొండ మీది కోతిని కాదు. పరిశోధన మొదలయ్యే ముందు గ్రామసభలో చెప్పాలి. ముగిశాక ఊరి భాషలో నాలుగు పేజీలు రాసి అదే సభలో చదవాలి. ఊరి లెక్కల ప్రతి ఒకటి ఊరి దగ్గరే ఉండాలి. స్థానిక పరిశోధకులకు రాతప్రతి చూపించాలి, పనికి తగ్గట్టు పేరు ఇవ్వాలి. ఆపరేటర్ ఒప్పుకుంటే ఆయన రిజిస్టర్‌ను ఆయన పేరుతోనే ఆధారాల చిట్టాలో చేర్చాలి. మన విశ్వవిద్యాలయాలు సైటేషన్ల సంఖ్య ఒక్కటే చూడకుండా, పని వల్ల ఊరికి ఏమి తిరిగి వచ్చిందో కూడా చూడాలి.

విద్యార్థి మిత్రులారా! రేపు మీరు ఒక ఊరికి సర్వేకు పోతారు. చివరి పేజీలో చిట్టా రాసే కలం మీ చేతుల్లోనే ఉంటుంది. ఎవరి అనుమతీ, ఏ కమిటీ తీర్మానమూ అక్కర్లేదు. మీకు లాంతరు పట్టి దారి చూపినవాళ్ల పేరు, వాళ్లను అడిగి, అక్కడ రాయండి. ధర్నాయ్ జనం అసలు కరెంటు అడిగారు. మనం అసలు ఆధారాన్ని రాయాలి.